బస్సెక్కితే బేస్ ఎటు పోతుంది?

హెడ్‌ఫోన్స్ కొనేటప్పుడు షాపువాణ్ణి మనం మొదట అడిగేది బేస్ బాగుంటుందా అనే. తలుపులు మూసిన ఏసీ షోరూంలో వింటే ఏదైనా బాగానే ఉంటుంది. అదే జతతో పొద్దున ఎనిమిదిన్నరకి కూకట్‌పల్లిలో సిటీ బస్సెక్కండి, బేస్ సగం మాయమవుతుంది. తప్పు హెడ్‌ఫోన్స్‌ది కాదు. ఇంజను రొద మంద్ర శబ్దం. అది తన స్థాయిలో ఉన్న తబలానే కాదు, తనకంటే పైనున్న గాయని గొంతునూ కప్పేస్తుంది. పై స్థాయి శబ్దం కిందిదాన్ని అంతగా కప్పలేదు. పాట అందక మన వేలు వాల్యూమ్ మీదికి పోతుంది. అందుకే ప్రయాణానికి కొనే జతను నేను ఒక్క ప్రశ్నతోనే తూస్తాను: దీంతో వాల్యూమ్ ఎంత తగ్గించి వినొచ్చు?

ఇది చాదస్తం కాదు, లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో చెప్పిన కొలత ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ గడువు సగమైపోతుంది: 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. రానూ పోనూ రోజుకు రెండు గంటలు వినేవాళ్లకి 80 దగ్గర వారమంతా విన్నా సగం కోటా కూడా ఖర్చవదు. 89 దగ్గరైతే సోమవారం మొదలైన కోటా బుధవారం పొద్దున ఆఫీసు గేటు దాటేలోపే ఖాళీ.

కాబట్టి నా ఓటు ముందుగా చెవిలో దూరే రబ్బరు తొడుగుకే. దాన్ని ఊరికే కుక్కితే కుదరదు. రెండో చేత్తో చెవిని కాస్త పైకీ వెనక్కీ లాగి, తొడుగును మెల్లగా తిప్పుతూ పెట్టాలి. సరిగ్గా కూర్చుంటే పక్కవాళ్ల మాట మూతపెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టుంటుంది, బేస్ ఒక్కసారిగా నిండుగా వినబడుతుంది. వెంట్రుకవాసి సందున్నా కారిపోతుంది. నాసిరకమని మనం తిట్టుకునే కొన్నిటి జబ్బు తొడుగు సైజే. డబ్బాలో వచ్చే మిగతా సైజులు పారేయకండి, రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే ఇదంతా ఎందుకంటారా? 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ ఆడియో ఇంజనీరు అమర్ బోస్ ఆ ఆలోచన చేసింది విమానం రొద భరించలేకే. ఎడతెగని హోరును ఎదురు తరంగంతో చంపడంలో దానికి సాటి లేదు. కండక్టర్ కేక, పక్కసీటు ఫోను కబుర్లు దానికి అంత సులువుగా లొంగవు, వాటిని ఆపేది రబ్బరే. ఇక బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి ఎల్‌డాకా, ఏఏసీనా అన్న కోడెక్ గొడవ ఇంటికెళ్లాక పెట్టుకోవచ్చు.

చెవులు మూసుకుంటే హారన్ వినబడదు, ప్రాణం మీదికొస్తుంది అన్న అభ్యంతరం మాత్రం గట్టిది. దాన్ని కాదనను, కానీ అది సీటుకు వర్తించదు. మెట్రోలో కూర్చున్నవాడికి హారన్‌తో పనేముంది? ట్యాంక్‌బండ్ మీద నడిచేవాళ్లకి, రోడ్డు దాటేవాళ్లకి చెవి తెరిచి ఉంచే రకమే కావాలి. ఎముక ద్వారా వినిపించేవి, చెవి బయటే ఆగేవి అందుకే ఉన్నాయి. అవి గోలలో పాట వినడానికి పనికిరావు, పైగా రొదను మించి పెంచితే వాటితోనూ హారన్ మునిగిపోతుంది. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1979 నాటి మొదటి వాక్‌మన్‌కే ఒక నారింజ రంగు మీట ఉండేది, నొక్కితే పాట తగ్గి ఎదుటి మాట మైకులోంచి వినబడేది. ఇవాళ ట్రాన్స్‌పరెన్సీ మోడ్ అని అమ్ముతున్నది ఆ మీట మనవడే. నడిరోడ్డు మీద దాన్ని నేను పూర్తిగా నమ్మను. ఒక్క జతకే డబ్బులుంటే రబ్బరుదే కొని, స్టాపులో దిగగానే జేబులో వేసుకోవడం మేలు.