ఫార్సు – ప్రహసనము

ఆంగ్లమునందలి 'ఫార్సు' పదమునకు 'ప్రహసన'మని యర్థము చెప్పుట మనలో బరిపాటి. ఈ సమీకరణము కొంతవఱకే సరియైనది. ప్రహసనశబ్దమునకు మూలము నవ్వు. ఫార్సుశబ్దమునకు మూలము 'కూరుట' యను నర్థముగల లాటిను ధాతువు.

వంటలో మాంసాదులలోపల గూరెడి ముద్దకు నీ పేరు కలదు. మధ్యయుగమున క్రైస్తవప్రార్థనగీతముల నడుమ జొనిపిన పదములకును, పిదప మతనాటకముల నడుమ జొనిపిన హాస్యఘట్టములకును నీ పేరే చెల్లెను. 15వ శతాబ్దినాటికి ఫ్రాన్సున నది స్వతంత్రరూపక మయ్యెను. న్యాయవాది పాతెలిను కథ యిందులకు దార్కాణము. న్యాయాధిపతి యేమడిగినను గొఱ్ఱెవలె నఱవుమని పాతెలిను తన కక్షిదారునకు నేర్పును. వ్యాజ్యము గెలిచినపిమ్మట రుసుము నడుగగా, నా గొఱ్ఱెలకాపరి యాతనికిని నా యఱపే బదులిచ్చును.

16వ శతాబ్దిలో నీపదము ఆంగ్లనాటకరంగమున జేరెను. 1671లో డ్రైడను తన నాటకపీఠికయందు, కామెడీ సహజవర్తనమును, ఫార్సు అసహజసన్నివేశములను నాశ్రయించునని చెప్పి రెండవదానిని హీనపఱిచెను. పైకి విధియంతయు నడపుచు లోన సారములేని కార్యమును ఫార్సనుటయు నాభాషలో రూఢమైనది. తీర్పు ముందే నిశ్చయమైన విచారణ యట్టిది.

మన ప్రహసన మట్లుగాక దశరూపకములలో నొకటి. ధనంజయుడు దశరూపకమున దానిని శుద్ధ వికృత సంకరములని మూడువిధములుగా విభజించెను. 7వ శతాబ్దిలో పల్లవ మహేంద్రవర్మ రచించిన మత్తవిలాసమున కాపాలికుడు తన కపాలము పోయినదని బౌద్ధభిక్షువుపై నేరము మోపును. దానిని గొనిపోయినది కుక్క. ఇచ్చట నవ్వునకు గుఱి సన్నివేశము మాత్రమే గాదు, వేషమున కొదగని నడవడి. ఫార్సునకు సన్నివేశముల తాఱుమాఱే చాలును. ప్రహసనమునకు నింద్యవస్తు వొకటి కావలెను.

ఈ భేదము నిఘంటుకారులకు మాత్రమే పనికివచ్చునది కాదు. వీరేశలింగముగారు బ్రాహ్మవివాహమున ముదుసలి పెండ్లిని, వ్యవహారధర్మబోధినియందు ప్లీడర్ల కపటములను నవ్వులపాలు చేసిరి. వానిని ఫార్సులని పిలిచినతోడనే డ్రైడను చులకనయు వెంట వచ్చును. కథాసంవిధానము పలుచనిదనియు, పాత్రలు అతిశయోక్తులనియు దోషములు లెక్కించెదము. దురాచారమును దెబ్బగొట్టినదా లేదా యను ప్రశ్న మఱుగునబడును.

నేటి పత్రికలు 'విచారణ ప్రహసనముగా మాఱినది' అని వ్రాయుచున్నవి. అది ఆంగ్లార్థమునకు సంస్కృతవేషము. అట్టిచోట తంతు, బూటకము అను తేటమాటలు మనకు గలవు. ప్రహసనశబ్దమును రూపకమునకే నిలుపుకొన్నచో, మన నాటకములను మన కొలతతో గొలువ వీలగును.