రాసి అడిగే విద్య
నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న తెల్లని శాసనసభ భవనంలో జరిగే పనులన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం రాతపూర్వక ప్రశ్న మీద. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలూ వస్తాయి. గుర్తు లేనిదానికి జవాబు కాగితం మీదే. అందుకే పదునంతా రాతలో ఉండాలి. "ఆసుపత్రుల్లో ఖాళీలున్నాయా?" అంటే "అవును"తో సరి. ఏ జిల్లాలో, ఏ పోస్టు, ఎప్పటినుంచి, భర్తీ ఎప్పుడు అని విడదీసి అడిగితే కోఠిలోని వైద్యారోగ్య శాఖ కార్యాలయాల్లో ఫైళ్లు కదలాల్సిందే. జిల్లాల నుంచి లెక్కలు తెప్పించి, సరిచూసి, పట్టిక కట్టే ఉద్యోగులదీ గొప్ప పనితనమే. ఆ పట్టిక సభా రికార్డులో నిలిచి విలేకరికీ, పరిశోధకుడికీ, రోగికీ ఆధారమవుతుంది. కేకల్లేకుండా ప్రభుత్వం చేత లెక్క చెప్పించే ఈ విద్యను ప్రతి కొత్త ఎమ్మెల్యే శ్రద్ధగా నేర్చుకోవాలి.