వెలుగు ఎటునుంచి వస్తుంది?

2023 మార్చిలో నాలుగు వారాల తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. 3న ‘బలగం’, 30న ‘దసరా’. రెండు కథలూ పాత కరీంనగర్ జిల్లా నేల మీదే జరుగుతాయి. ఒకటి సిరిసిల్ల వైపు పల్లె. ఇంకోటి సింగరేణి బొగ్గు గనుల పక్కన ఊహించిన వీర్లపల్లి. ఈ సినిమాల్లో యాస గురించీ, చావు తంతు గురించీ, కల్లు గురించీ మనం చాలా మాట్లాడుకున్నాం. వెలుగు గురించి మాట్లాడుకున్నది తక్కువ. జగిత్యాల నుంచి ఆదిలాబాద్ దాకా చేతిలో కెమెరా ఉన్న కుర్రాళ్లూ, అమ్మాయిలూ ఇవాళ చాలామందే ఉన్నారు. లైటింగ్ నేర్చుకోవాలనుకుంటే వాళ్లకు ఇంతకంటే దగ్గరి పాఠ్యపుస్తకాలు దొరకవు. కాకపోతే రెండూ ఒకే పాఠం చెప్పవు.

నేర్చుకోవడం మొదలుపెట్టిన ఎవరికైనా ముందు చెప్పేది మూడు లైట్ల పద్ధతి. మొహం మీద కీ లైటు, ఆ నీడను తగ్గించడానికి ఫిల్, వెనక నుంచి జుట్టు అంచున బ్యాక్ లైటు. పద్ధతి తప్పేం కాదు. కానీ అది మనం చెప్పినట్టు వినే స్టూడియో గోడల మధ్య కుదిరే సంగతి. ఒక దర్వాజ, ఒక చిన్న కిటికీ, చెయ్యి చాస్తే తగిలే దూలం ఉన్న పెంకుటింట్లో మూడు లైట్లు పెట్టి చూడండి. మనిషి వెనక గోడ మీద నీడలు నిలబడతాయి. మొహం మాత్రం పాస్‌పోర్టు ఫొటోలా తయారవుతుంది. ఇంట్లో ముసలవ్వ కూర్చున్నట్టు ఉండదు, అవ్వను తీసుకొచ్చి లైటు ముందు కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

అందుకని లైటు ఎక్కడ పెట్టాలనే ప్రశ్న తర్వాతిది. ఈ ఇంట్లోకి వెలుగు ఎటునుంచి వస్తుందన్నది మొదటిది.

‘బలగం’ ఈ ప్రశ్న వేసుకున్న సినిమా. వేణు ఎల్దండి దర్శకుడు, ఆచార్య వేణు ఛాయాగ్రాహకుడు. కొమురయ్య చనిపోయాక పిట్టకు పెట్టే సన్నివేశాలు గుర్తు తెచ్చుకోండి. పైన ఆకాశం, కింద కుటుంబం, అందరి చూపూ కాకి కోసమే. ఆ పగటి వెలుగులో కొడుకుకో వెలుగు, అల్లుడికో వెలుగు అంటూ లేదు. ప్రియదర్శి చేసిన సాయిలు కథానాయకుడే, అయినా అతని మొహానికి ప్రత్యేకంగా ఒక లైటు కేటాయించినట్టు అనిపించదు. నల్లిబొక్క కాడ విడిపోయిన మనుషులందరూ ఒకే వెలుగు కింద నిలబడతారు. సినిమా పేరుకు అర్థం అక్కడ మాటల్లేకుండానే తెలుస్తుంది. ఊరిని పరిచయం చేసే మొదటి పాటలో మాత్రం ఆ పొద్దుపొడుపు కొంచెం క్యాలెండరు బొమ్మలా ఉంటుంది. చావు ఇంటికొచ్చాక ఆ మెరుపు పోయి, సినిమా నిలబడింది.

ఇది చూసి ‘లైట్లే పెట్టలేదు, మనమూ తీసెయ్యొచ్చు’ అనుకుంటే మోసపోతాం. ఎండ ఆగదు. పొద్దున పదింటికి మొదలుపెట్టిన గొడవ తెర మీద రెండు నిమిషాలే ఉండొచ్చు, తీయడానికి మాత్రం సాయంత్రం అవుతుంది. అంతసేపూ ఒకే పొద్దున్నట్టు కనిపించాలంటే ఎండకు అడ్డంగా తెల్లబట్ట స్కిమ్మర్ కట్టాలి, అక్కర్లేని వెలుగును కట్టర్‌తో ఆపాలి, నీడవైపు థర్మాకోల్ షీటు పట్టుకోవాలి. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956) కోసం సుబ్రత మిత్ర ఈ పనే చేశాడు. కాశీలో ఇంటి నడుమ వాకిట్లోకి పైనుంచి దిగే వెలుగును స్టూడియోలో పుట్టించడానికి, సెట్టు పైన తెల్లబట్ట పరిచి దానికి కొట్టిన లైటును కిందికి మళ్లించాడు. నడుమ వాకిలి ఉన్న పాత ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. ఒక దుప్పటి ఉంటే ఆ పాఠం ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

‘దసరా’ దారి వేరు. శ్రీకాంత్ ఓదెలకు మొదటి సినిమా, కెమెరా సత్యన్ సూర్యన్. వీర్లపల్లి ఎక్కువ భాగం సెట్టే. ఇక్కడ వెలుగు గాలిలో ఉంటుంది. దుమ్మూ పొగా లేకపోతే వెలుగు దేని మీదా ఆగదు, కంటికి కనబడదు. వెనక నుంచి కొట్టిన లైటు బొగ్గు దుమ్ములో పడి ఆకారం తెచ్చుకుంటుంది. చివర్లో మంటల ముందు జరిగే పోరాటంలో ఆ పద్ధతికి బలమైన కారణం ఉంది, వెలిగేది ఫ్రేములోనే ఉంది. తక్కిన చోట్ల నాకు పేచీ. ప్రతి గోడా, ప్రతి చొక్కా, ప్రతి మొహమూ ఒకే మట్టిరంగులోకి దిగినప్పుడు బొగ్గు ఒక ఊరి బతుకులా అనిపించదు, మేకప్ అనిపిస్తుంది. చూసి నేర్చుకునేవాళ్లకు ఇదే ముందు అంటుకుంటుంది కూడా. అగరుబత్తి పొగ, ఎడిటింగ్‌లో గోధుమరంగు ఫిల్టరు, అయిపోయింది ‘రా అండ్ రస్టిక్’. పొగ వెనక లైటు ఎందుకుందో మాత్రం ఎవరూ అడగరు.

మేకప్ మాట వచ్చింది కాబట్టి, అసలు పేచీ నల్లటి మొహంతో. మన పెళ్లి వీడియోలూ, సీరియళ్లూ నేర్పింది ఒక్కటే, ఎదురుగా లైటు పెంచితే మనిషి అందంగా కనబడతాడని. చామనఛాయకు ఎదురు లైటు ఎంత పెంచితే అంత బూడిదరంగు తేలుతుంది. అదే వెడల్పైన మెత్తటి వెలుగును పక్క నుంచి ఇస్తే చర్మం మీద చిన్న మెరుపు నిలుస్తుంది. దవడ ఎముక, నుదురు, కంటికింద గీత బయటికొస్తాయి. బి. నర్సింగరావు ‘దాసి’ (1988) చూసినవాళ్లకు ఇది తెలుసు. గడిలో పనిచేసే ఆడమనిషి కథ అది. ఆ సినిమాకు అర్చనకు ఉత్తమ నటిగా, ఎ.కె. బీర్‌కు ఛాయాగ్రహణానికి, తోట వైకుంఠానికి కళా దర్శకత్వానికి జాతీయ అవార్డులొచ్చాయి. వైకుంఠం కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి మనిషి. ఆయన బొమ్మల్లో ఆడవాళ్ల నలుపును తెలుపు చేసే ప్రయత్నమే ఉండదు. పక్కన ఎర్రచీర, పసుపు, పెద్ద బొట్టు పెట్టి ఆ నలుపును నిలబెడతాడు. కెమెరా పట్టేవాళ్లు లైటు కొనేముందు ఆ బొమ్మలు చూడాలి.

ఆదిలాబాద్ దండారీలో గుస్సాడీని తీసేవాళ్లకూ ఇదే లెక్క. ఒంటి మీద బూడిద, తల మీద నెమలీకల టోపీ. ఎదురుగా ఫ్లాష్ కొడితే బూడిద తెల్లకాగితం అవుతుంది, ఈకలు రంగు కోల్పోతాయి. సాయంత్రపు ఏటవాలు ఎండను పక్కన పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

ఖర్చులేని లెక్కలు ఇంకొన్ని ఉన్నాయి. లైటును రెట్టింపు దూరం జరిపితే వెలుగు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ట్యూబులైటు మిణుకు రాదు. పాత పసుపు బల్బు దాదాపు 2,700 కెల్విన్లు, పగటి వెలుగు 5,600 దగ్గర. రెండూ ఒకే షాటులో ఉంటే ఏది నిజమైన తెలుపో మీరే తేల్చుకోవాలి. ఫ్రేములో కనబడే బల్బును ప్రాక్టికల్ అంటారు. దాన్ని కంటికి మండకుండా తగ్గించి, అదే దిక్కు నుంచి, అదే రంగులో, ఫ్రేము బయట ఇంకో లైటు దాచి పని చేయించాలి. చూసేవాళ్లు మాత్రం బల్బునే నమ్ముతారు.

ఇవన్నీ వారంలో వస్తాయి. రానిది నీడను ఒప్పుకునే ధైర్యం. రాత్రి కరెంటు పోయిన ఇంట్లో మొహం సగమే కనబడుతుంది. ఆ మిగతా సగాన్ని చీకట్లో వదిలేస్తే, అది మనం రోజూ చూసే మన అమ్మ మొహమే. వెలిగించి నింపేస్తే ఎవరి అమ్మో అవుతుంది. ఉత్తర తెలంగాణ కథలు ఇప్పుడు ఇక్కడివాళ్లే రాస్తున్నారు, ఇక్కడి యాసలోనే పలుకుతున్నారు. వెలుగు మాత్రం ఇంకా చాలాసార్లు సీరియల్ నుంచి అరువొస్తోంది. యాసను ఎవరో సరిదిద్దితే ఊరుకోని మనం, మొహం రంగును సరిదిద్దితే ఎందుకు ఊరుకుంటున్నాం?