పొరుగువాని పేరు: ‘గ్రాన్ టొరీనో’ చిత్రముపై ఒక పరిశీలన

క్లింట్ ఈస్ట్‌వుడ్ తానే దర్శకుడును ప్రధాన పాత్రధారియునై 2008 డిసెంబరులో వెలువరించిన ‘గ్రాన్ టొరీనో’ అను అమెరికను చిత్రమును హృదయపరివర్తన గాథగా చెప్పుకొనుట పరిపాటి. భార్యను పోగొట్టుకొన్న ఒక ముదుసలి, పరజాతివారనిన గిట్టనివాడు, పొరుగింటి వలసకుటుంబముతో మెల్లమెల్లగా చెలిమి చేసి, తుదకు వారికొరకు ప్రాణము విడుచును. కథాసారము ఇంతే. ఇట్లు చెప్పుట తప్పు కాదు. కాని చిత్రములోని అసలు కీలకము ఈ సారములో జారిపోవును. ఆ ముదుసలి హృదయము ఎంత మారినదో గాని, నోరు మాత్రము మారలేదు. మొదట పొరుగువారిని ఎట్టి మాటలతో నిందించినాడో, అతడు పోయిన పిదప చదివిన వీలునామాలోను అట్టి మాటలే ఉన్నవి. మారినది ఒక్కటి. పొరుగింటి కుర్రవాని పేరు సరిగా పలుకుట అతడు నేర్చినాడు.

వాల్ట్ కొవాల్‌స్కీ కొరియా యుద్ధమున పోరాడినవాడు, ఫోర్డు కర్మాగారములో జీవితమంతయు పనిచేసి విశ్రాంతి పొందినవాడు. నివాసము డెట్రాయిట్ నగరము నడుమ విడిగా నున్న హైలండ్ పార్క్ అను చిన్న పట్టణము. కదలెడి పట్టాపై కార్లను కూర్చు పద్ధతిని ఫోర్డు సంస్థ 1913లో ప్రారంభించినది అక్కడనే. 1950లో డెట్రాయిట్ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు. 2010 నాటికి ఏడు లక్షలకు కొంచెము మించినది. తెల్లజాతి కార్మికులు ఊరు విడిచి పోయినారు, పనులును పోయినవి. వాల్ట్ మాత్రము పోలేదు. అతని ఇంటి ముందు పచ్చిక కత్తిరించినట్లుండును, ముంగిట జెండా ఎగురుచుండును, గరాజులో 1972 నాటి గ్రాన్ టొరీనో కారు మెరయుచుండును. దాని చక్రదండమును కర్మాగారములో బిగించినది తన చేతులే. కుమారుడు అమ్మునది జపాను కార్లు. ఈ ఒక్క వివరముతో తండ్రీకొడుకుల మధ్య ఎడమును చెప్పిన తీరు రచయిత నిక్ షెంక్ నేర్పునకు నిదర్శనము.

పొరుగున దిగినవారు హ్మాంగ్ జాతివారు. లావోసు కొండలలో నివసించు ఈ జనులను 1960లలో అమెరికా గూఢచారిసంస్థ చేరదీసి, వాంగ్ పావో అను సేనాని నాయకత్వమున కమ్యూనిస్టులపై రహస్యయుద్ధము చేయించినది. 1975లో లావోసు కమ్యూనిస్టుల వశమైన పిదప వారికి స్వదేశమున నిలువ నీడ లేకపోయినది. మెకాంగ్ నది దాటి తాయిలాండు శిబిరములలో ఏండ్లు గడపి, అటనుండి అమెరికా చేరినారు. కాలిఫోర్నియా, మినసోటా, విస్కాన్సిన్ రాష్ట్రములలో హెచ్చుగా స్థిరపడినారు. షెంక్ మినసోటాలో ఒక కర్మాగారమున పనిచేయుచు వారిని ఎరిగినవాడు. కథను మొదట మినియాపొలిస్‌లోనే నిలిపినాడు. మిషిగన్ ప్రభుత్వమిచ్చిన పన్ను రాయితీ కథను డెట్రాయిట్‌కు తరలించినది. ఏ యుద్ధమున అమెరికా పక్షమున పోరాడి ఇల్లు కోల్పోయినారో, ఆ యుద్ధమును ఎరుగని ఒక అమెరికను సైనికుడు వారిని తన పాత శత్రువులతో కలిపి ఒకే తిట్టుతో పిలుచును. అతని కంటికి కొరియావాడును చీనావాడును హ్మాంగ్ వాడును ఒక్కటే.

జాతి పేరునే అతడు సరిగా పలుకలేడు, లేని అచ్చు నొకదానిని చేర్చును. పొరుగింటి పిల్ల సూ దానిని సరిదిద్దును. హ్మాంగ్ అనునది దేశము కాదు, ఒక జనమని, తాము ఇచటికి ఎట్లు వచ్చినదియు ఆమెయే చెప్పును. అతడు ఆమె తమ్ముడైన తావోను, ధ్వని సామ్యము పట్టుకొని, ఆంగ్లమున గోదురుకప్పకు వాడుకయైన ‘టోడ్’ అను మాటతో పిలుచును. తావోకు నచ్చిన యువతి పేరు యూవా; దానికి వాల్ట్ పెట్టిన రూపము ‘యమ్ యమ్’. తన పేరు విషయమున మాత్రము అతడు పట్టుదల గలవాడు. చర్చి ఫాదరీ జానోవిచ్ చనువుగా ‘వాల్ట్’ అనగా, కొవాల్‌స్కీగారని పిలువుమని కసరును. ఆ చనువు సంపాదించుకొనుటకు ఫాదరీకి చాల దినములు పట్టినది. సూ అనుమతి అడుగదు. ఆమె ‘వాలీ’ అని పిలుచును, అతడు ఊరకుండును. చిత్రములో స్నేహము మొదలైన చోటు ఇదియే. తుపాకి చేతబట్టి రౌడీలను తన పచ్చికనుండి తరిమిన రాత్రి కాదు. ఆ రాత్రి అతడు కాపాడినది తన గడ్డిని, కుర్రవానిని కాదు.

ఆ సంగతి ఎరుగని పొరుగువారు మరునాడు పూలును వంటకములును తెచ్చి అతని మెట్లపై పేర్చిపోవుదురు. అతడు చెత్తబుట్టలో వేయును. ఈ హాస్యము చక్కనిది. చిత్రములో ద్వేషము ఏకపక్షము కాకుండుట ఇంకను చక్కనిది. పొరుగింటి అవ్వకు ఈ తెల్ల ముసలివానిపై ఇసుమంతయు ప్రేమ లేదు. తనవారందరు పోయిన తరువాత వీడొక్కడు ఇంకను ఏల పోలేదని ఆమె గొణుగుడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరును ఎవరి అరుగుపై వారు కూర్చుండి తిట్టుకొందురు. అతడు ఉమ్మివేయగా ఆమె అంతకు మించి ఉమ్మును! తరువాత పుట్టినదినమున కొడుకును కోడలును వృద్ధాశ్రమముల ప్రచారపత్రములతో వచ్చి గెంటివేయబడగా, సూ అతనిని తమ ఇంటి విందుకు పిలుచుకొనిపోవును. అక్కడి సోదెగాడు అతనిని చూచి, చేసిన పాపమొకటి అతనికి మనశ్శాంతి లేకుండ చేసినదని చెప్పును. తన రక్తబంధువులకంటె ఈ పరాయివారే తనకు దగ్గరవారని వాల్ట్ అద్దములో తన మొగము చూచుకొని గొణుగుకొనును. అదే సమయమున దగ్గుతో నెత్తురు పడును.

అనువాదకుని దృష్టికి మిక్కిలి రుచించు దృశ్యము మంగలి దుకాణము. వాల్ట్ పోలిష్ సంతతివాడు, మంగలి ఇటలీ సంతతివాడు. కలిసినపుడెల్ల ఒకరి జాతిని ఒకరు తిట్టుకొనుట వారి కుశలప్రశ్న. మగవాని మాట నేర్పుదమని తావోను అచటికి కొనిపోయి, వాల్ట్ అట్లే మాటలాడుమని ప్రోత్సహించును. కుర్రవాడు విన్నది విన్నట్లు అప్పగించగా మంగలి తుపాకి ఎత్తును. నవ్వులాటయే, కాని ఆ నవ్వులాటలో ఒక సత్యమున్నది. తిట్టు వారిద్దరి మధ్య సుంకము వంటిది. ఒకప్పుడు వలస వచ్చిన పోలిష్, ఇటలీ, ఐరిష్ సంతతులు ఆ సుంకము చెల్లించి ఒకరికొకరు సమానులైనారు. అది ఇచ్చిపుచ్చుకొనునట్టిది. తావో పుచ్చుకొనుటయే గాని తిరిగి ఇచ్చుటకు హక్కు లేనివాడు.

తెలుగువానికి ఇది కొత్త కాదు. ‘ఒరేయ్’ అను పిలుపును తాత మనుమనిపై ఎంత ముద్దుగా వాడునో, దొర పాలేరుపై అంత కటువుగా వాడినాడు. హిందీలో ‘తూ’ అనునది దేవునికిని చెల్లును, బాల్యమిత్రునికిని చెల్లును, నౌకరుకును చెల్లును. మాటలో తేడా లేదు. ఎదుటివాడు అదే మాటతో బదులు పలుకగలడా అను దానిలో తేడా ఉన్నది. ఆంగ్లమున మధ్యమపురుషకు ఉన్నది ఒక్క సర్వనామమే గనుక ఈ చిత్రమున ఎవరు ఎవరిని ఏ మెట్టుపై నిలిపినారో సర్వనామము చెప్పదు, తిట్టే చెప్పవలెను. దీనిని తెలుగు చేయువాడు, తావో వాల్ట్‌ను ‘మీరు’ అనుచుండగా వాల్ట్ కడదాక ‘ఒరేయ్’ అనునట్లే వ్రాయవలెను. కడపట గౌరవవాచకమునకు మార్చినచో అది వేరొక కథ అగును, మెత్తని కథ, అబద్ధపు కథ.

చిత్రములోని రెండు పాపనివేదనలు పక్కపక్కన ఉంచి చూడదగినవి. చనిపోవుచు భార్య ఫాదరీచేత మాట తీసికొన్నది, భర్త చర్చికి వచ్చి పాపములు ఒప్పుకొనునట్లు చూడుమని. వాల్ట్ తుదకు వచ్చి మూడు చెప్పును: ఎప్పుడో ఒక పరస్త్రీని ముద్దాడుట, ఒక అమ్మకముపై పన్ను కట్టకుండుట, కొడుకులకు చేరువ కాలేకపోవుట. ఇంతేనా అని ఫాదరీ విస్తుపోవును. ఇంటికి వచ్చి, పగ తీర్చుకొన ఉవ్విళ్ళూరు తావోను నేలమాళిగలో బంధించి, జాలితలుపు ఇవతల నిలిచి అసలుది చెప్పును. కొరియాలో లొంగిపోవుటకు సిద్ధపడిన ఒక భయగ్రస్తుడైన కుర్రవానిని మొగముపై కాల్చి చంపినాడు. తావో పట్టిచూచిన తుపాకితోనే. చర్చిలోని జాలికి ఇటుపక్క చెప్పలేనిది ఈ జాలికి ఇటుపక్క చెప్పినాడు. వినువాడు ఆ చనిపోయిన కుర్రవాని ఈడువాడు, ఆ ఛాయవాడు. ఇంత గాఢమైన కల్పన వాణిజ్య చిత్రములలో అరుదు. అయితే ఇక్కడనే ఒక సందేహమును పుట్టును. వాల్ట్ తావోలో చూచుచున్నది తావోనా, ఆ మృతునినా? అప్పు ఒకరికి ఉండగా మరొకరికి తీర్చుచున్నట్లున్నది.

ఈ సందేహము సూ విషయమున అభియోగముగా మారును. తావోను రౌడీలు సిగరెట్టుతో కాల్చినందుకు వాల్ట్ వారిలో ఒకనిని చితకబాదును. దానికి ప్రతీకారముగా వారు పొరుగింటిపై తుపాకులు పేల్చి, సూను చెరచుదురు. వాల్ట్ కోపమునకు మూల్యము చెల్లించినది ఆ పిల్ల. ఎవరు వాల్ట్‌కు తన జాతి పేరు నేర్పినదో, చరిత్ర చెప్పినదో, మాటకు మాట బదులిచ్చి నవ్వించినదో, ఆ సూ అంతటినుండి చిత్రములో దాదాపు మాట లేనిది అగును. తరువాతి కథ యంతయు ఇద్దరు పురుషులది. ఆమె వేదన వాల్ట్ మహాకార్యమునకు వంటచెరకుగా మిగిలినది. అతడు ఆయుధము లేకయే శత్రువుల ముంగిట నిలిచి, అగ్గిపెట్టె తీయువానివలె కోటులో చేయి పెట్టి, తూటాలకు ఒరిగి, చేతులు చాచి సిలువపైవానివలె పడును. సాక్షులుండగా హంతకులను రక్షకభటులు పట్టుకొందురు. పగకు పగ కాని ముగింపు గనుక మెచ్చదగినదే; ఈస్ట్‌వుడ్ పూర్వపు తుపాకి నాయకులను ఎరిగినవారికి మరింత అర్థవంతము. అయినను సూను మరచుటకు ఆ సిలువ చాలిన కారణము కాదు.

చిత్రము ప్రపంచమంతట దాదాపు 27 కోట్ల డాలర్లు ఆర్జించినది. తావోగా నటించిన బీ వాంగ్ తదుపరి కాలమున దీనిని బహిరంగముగా విమర్శించినాడు. 2021లో, ఆసియావారిపై దాడులు పెరిగిన దినములలో, ఈ చిత్రములోని తిట్లకు శ్వేతప్రేక్షకులు నవ్విన నవ్వు తన్నెట్లు కలవరపెట్టినదో అతడు వ్రాసినాడు. తిట్టును నవ్వుగా అమ్మినపుడు అది తెరపైన ఆగదు. తెలుగు పాఠకునకు ఈ మాట దూరమైనది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రములోని ఒలేతే పట్టణమున, తమ దేశము విడిచి పొమ్మని అరచుచు ఒక తెల్లజాతివాడు, పూర్వము నౌకాదళమున పనిచేసినవాడు, ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపినాడు. తాను కాల్చినది ఇరానువారిని అనుకొన్నాడట. వాల్ట్ చేయు పొరపాటే ఇది. తెరపై దానికి నవ్వు వచ్చును.

భారతీయ పాఠకునకు ఇచట టాగోరు 1892లో వ్రాసిన ‘కాబూలీవాలా’ స్మరణకు రాక తప్పదు. అందును అపరిచితునిపై అనుమానమున్నది, మినీ తల్లి భయములో అది కనిపించును. కాని కథకుని మనసు మార్చినది ఒక కాగితముపై నల్లగా అద్దిన చిన్నచేతి గురుతు. కాబూలులో రహమతుకు ఒక ఇల్లున్నదని, అందులో ఒక కూతురున్నదని, ఆ ఇల్లు కథకునికి ఏమియు బాకీ లేదని ఆ గురుతు తెలుపును. ‘గ్రాన్ టొరీనో’లో పొరుగింటి లోపలికి చిత్రము హెచ్చుగా వాల్ట్ వెంటనే పోవును, వాల్ట్‌తోనే తిరిగి వచ్చును. సూ, తావోల తండ్రి ఎవరో, తల్లి ఏ శిబిరము చూచి వచ్చినదో ప్రేక్షకుడు తెలిసికొనలేడు. ఈ లోపము చిన్నది కాదు. అయినను చిత్రమును త్రోసిపుచ్చవలసినంతటిదియు కాదు. ఏలయన తన ముదుసలిని అది పునీతుని చేయలేదు.

ఆ నిజాయితీకి సాక్ష్యము వీలునామా. ఇల్లు చర్చికి పోయినది. కారుపై ఎప్పటినుండియో కన్నువేసిన మనుమరాలు ఆశతో చెవి ఒగ్గియుండగా, న్యాయవాది ఇబ్బందిపడుచు చదువును: కారు తన స్నేహితుడైన తావో వాంగ్ లోర్‌కు. దానికి కొన్ని నిబంధనలు, పైకప్పు కోయరాదు, మంటల బొమ్మలు వేయరాదు, వెనుక రెక్క తగిలించరాదు. ఒక్కొక్క నిబంధనకు ఒక్కొక్క జాతిని తెగడు మాట, అందులో తావో జాతిని తెగడునదియు ఒకటి. పూర్తి పేరు, తప్పు లేకుండ; వెంటనే తిట్టు. తావో నవ్వును. తరువాత సరస్సు వెంబడి దారిలో ఆ కారు పోవుచుండును, పక్కన వాల్ట్ కుక్క డెయిజీ. చావునకు బయలుదేరకముందు వాల్ట్ దానిని అప్పగించినది, తన మాట ఒక్కటియు అర్థము కాని ఆ అవ్వకు.