సూది పట్టిన చేతికి పేరెక్కడ?

దుస్తుల చరిత్ర రాసేవారు సాధారణంగా తొడిగినవారి చరిత్రనే రాస్తారు. రాణుల అభిరుచులు, నాయకుల భార్యల ఠీవి, తారల సొగసు - పుస్తకమంతా యిదే. ఆ బట్ట కుట్టినదెవరన్న ప్రశ్న రాదు. ఇది మరపు కాదు. వస్తువును అమ్ముకొని, దాన్ని చేసిన మనిషిని చాటున వుంచే వ్యవస్థ లక్షణం.

అమెరికా నల్లజాతి స్త్రీల అనుభవం దీనికి సాక్ష్యం. ఎలిజబెత్ కెక్లీ బానిసగా పుట్టింది. ఆమె కుట్టుపని సంపాదన యజమాని కుటుంబాన్ని పోషించింది. 1855లో 1,200 డాలర్లు చెల్లించి తనకూ కొడుకుకూ స్వేచ్ఛ కొనుక్కున్నది. ఖాతాదారులిచ్చిన ఆ అప్పును సూదితోనే తీర్చింది. తర్వాత అధ్యక్షుడు లింకన్ భార్యకు దుస్తులు కుట్టింది. కాని 1868లో స్వీయచరిత్ర ప్రకటించగానే, ఆమె కుట్టును మెచ్చిన సమాజం ఆమె కలాన్ని సహించలేదు.

ఒక శతాబ్దం గడవబోతున్నా పరిస్థితి పెద్దగా మారలేదు. 1953లో జాక్వెలిన్ కెనెడీ పెళ్ళి గౌను తయారుచేసినది ఆన్ లో. పెళ్ళికి పది రోజుల ముందు కార్ఖానాలోకి నీరు వచ్చి గౌను పాడయింది. నష్టం తానే భరించి, ఎవరికీ చెప్పకుండా, మళ్ళీ కుట్టింది. పత్రికలు గౌనును వర్ణించాయి. ఆమె పేరు మాత్రం దాదాపు ఎక్కడా రాలేదు. నేడు ఆమెను కీర్తిస్తున్నారు. మంచిదే. కాని ఆలస్యంగా వచ్చిన పొగడ్త ఆనాటి నష్టాన్ని పూడ్చదు.

ఇదంతా పరాయిదేశపు కథ అనుకోనక్కరలేదు. పాత వరంగల్ జిల్లా తండాల్లోని లంబాడీ స్త్రీలను చూడండి. వారి చరిత్ర వేరు. బానిసత్వంతో దాన్ని కలిపివేయటం తప్పు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసిన ఆ జాతి బతుకును రైళ్ళు దెబ్బతీశాయి. అయినా ఫేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలూ గవ్వలూ కూర్చిన కుట్టును స్త్రీలు నిలబెట్టారు. ఆ కుట్టే నగరపు దుకాణంలో సంచీ అయి, దిండుగలీబు అయి వేలాడుతుంది. చీటీ మీద దుకాణం పేరుంటుంది, ధర వుంటుంది. కుట్టినామె వుండదు. వేదిక మీద నర్తకి తొడిగితే కళ అన్న దుస్తునే, బస్సులో తండా స్త్రీ తొడిగితే వింతగా చూస్తారు.

సమష్టి కళకు వ్యక్తి పేరెందుకని కొందరు విమర్శకులు అడగవచ్చు. కుట్టు జాతిదే, నిజం. కాని ఏ రంగు పక్కన ఏ అద్దం అని నిర్ణయించినది ఒక మనిషి. ఆమె కళ్ళు, ఆమె వేళ్ళు, ఆమె దినాలు అందులో ఖర్చయ్యాయి. "జానపదం" అన్న గౌరవపదం కూలి ఎగవేతకు ముసుగు కారాదు.

కనుక దుస్తుల చరిత్రను మనం తిరగరాయాలంటే ఉత్సవాలు చాలవు. చీటీ మీద పేరు, చేతిలో న్యాయమైన కూలి - ఈ రెండూ ఆమె బతికి వుండగానే అందాలి. విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న, "ఎంత అందంగా వుంది?" అని కాదు, "ఎవరు కుట్టారు, ఏమి ముట్టింది?" అని.