దత్తాంశమా, ఉక్తాంశమా? – వైద్య సమాచార శాస్త్రం, ఆదిలాబాద్ రోగివాక్కు

వైద్యం, గణనశాస్త్రం, భాష కలిసే కూడలిలో ఏర్పడిన జ్ఞానశాఖ మెడికల్ ఇన్ఫర్మాటిక్స్. 'ఇన్ఫర్మాటిక్స్' అనే మాట 1960లలో ఫ్రెంచి, రష్యన్ వాడుకల నుంచి వ్యాపించింది. 1974లో స్టాక్‌హోమ్‌లో తొలి మెడిన్ఫో మహాసభ జరిగేనాటికి ఆ శాఖకు అంతర్జాతీయ రూపం వచ్చింది. పై మూడు అంగాల్లో భాషను చేర్చింది ఈ వ్యాసకర్త. ఆ శాఖ తన్ను తాను నిర్వచించుకొనే తీరులో మొదటి రెండే ప్రముఖంగా కనిపిస్తాయి. ఆ లోపం ఎక్కడ బయటపడుతుందో ఉత్తర తెలంగాణ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో ఈ శాఖను 'వైద్య సమాచార శాస్త్రం' అంటున్నాం. 'సమాచారం' అనగానే సామాన్య పాఠకునికి ముందు స్ఫురించేది వార్త. అది చిన్న చిక్కే, వాడుకతో తొలగిపోతుంది. అసలు చిక్కు 'డేటా'కు మనం స్థిరపరచుకొన్న 'దత్తాంశం' అనే మాటలో ఉంది. లాటిన్ మూలానికి ఇది యథాతథమైన అనువాదం: 'ఇవ్వబడినది' అని అర్థం. రక్తపరీక్ష ఫలితానికి, ఉష్ణమాపకం చూపిన అంకెకు ఈ మాట చక్కగా ఒప్పుతుంది. కాని రోగి తన బాధను ఇవ్వడు, చెబుతాడు. చెప్పినదాన్ని ఒకరు వినాలి, అర్థం చేసుకోవాలి, వేరొక భాషలో రాయాలి. అంటే నమోదులో చేరేది దత్తాంశం కాదు, ఉక్తాంశం. 'దత్తాంశం' అన్న పేరు ఈ మధ్యవర్తి వ్యాపారాన్నంతా కప్పివేస్తుంది.

ఒక్క మాటను తీసుకొందాం. ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో 'దమ్ము వస్తుంది' అంటారు. పారసీ 'దమ్' (ఊపిరి) ఉర్దూ మీదుగా తెలంగాణ తెలుగులో కలిసిపోయిన మాట ఇది. పాఠ్యపుస్తకం దీన్ని 'ఆయాసం' అంటుంది. అయితే 'దమ్ము' పరిధి ఆయాసంతో ఆగదు. నడిస్తే ఊపిరి ఆడకపోవడమూ దమ్మే, ఉబ్బసమూ దమ్మే. 'ఆయనకు దమ్మున్నది' అంటే కొన్ని సందర్భాల్లో వ్యాధి పేరు, కొన్ని సందర్భాల్లో ధైర్యం! వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదో కూర్పులో ఊపిరాడకపోవడం లక్షణాల అధ్యాయంలో ఆర్06.0గా, ఉబ్బసం శ్వాసకోశ వ్యాధుల అధ్యాయంలో జె45గా ఉంటాయి. రోగి ఒక్క మాటలో చెప్పినదాన్ని ఈ రెండింటిలో ఏదో ఒకచోట చేర్చక తప్పదు. రక్తహీనత వల్లనో గుండె బలహీనత వల్లనో దమ్ము వస్తున్న స్త్రీ పేరు ఉబ్బసం గడిలో చేరితే, ఆ తప్పు ఒక్క చీటీతో పోదు. ఆమె నమోదు ఎక్కడికి వెళ్తే అక్కడికల్లా వెంట వెళ్తుంది. 'పానం బాగలేదు' అన్న మాట గతి ఇంకా కష్టం. 'పానం' ప్రాణమే గాని, ఇక్కడ దేహమూ మనస్సూ రెండూను.

ఇది పాశ్చాత్య సంకేతాల దౌర్జన్యం అని తేల్చివేయడం సులభమే గాని న్యాయం కాదు. 2014లో భారతదేశం సభ్యత్వం పొందిన స్నోమెడ్ సీటీ పదావళి నిర్మాణాన్ని చూస్తే సంగతి తెలుస్తుంది. అందులో ప్రతి భావనకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ఏ భాషలోనైనా పర్యాయపదాలు జోడించే వీలుంది. నిఘంటుకారునికి ఇది కొత్త కాదు: అర్థాన్ని ఆరోపంగా తీసుకొని రూపాలను దాని కింద చేర్చడమే. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశం ఊరూరా తిరిగి మాటను వస్తువుతోనూ పనితోనూ కలిపి సేకరించింది. రోగపదాలకు అవసరమైనది ఆ పద్ధతే. ఒక మాటను ఒక సంఖ్యకు అంటగట్టేముందు, అది ఎవరి నోట, ఏ వయసువారి విషయంలో, ఏ బాధకు వాడుకలో ఉందో నిర్ణయించాలి. వైద్యుడు ఒక్కడు చేయగల పని కాదు ఇది.

గోండీ, కొలామీ మాట్లాడేవారి విషయంలో మెట్టు ఇంకొకటి పెరుగుతుంది. గోండీ మాట తెలుగులోకి, తెలుగు మాట ఇంగ్లీషులోకి మారాలి. మొదటి మార్పు చేసేది సాధారణంగా తోడు వచ్చిన బంధువో, పక్క మంచం మీది మనిషో. నమోదులో వారి ఊసే ఉండదు. 1940లలో హైమెండార్ఫ్ పూనికతో మార్లవాయిలో నెలకొన్న ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం గోండులనే గోండు పిల్లలకు గురువులుగా తయారుచేసింది, దేవనాగరిలో గోండీ వాచకాలు వచ్చాయి. మధ్యవర్తికి శిక్షణ అవసరమన్న ఆ ఎరుక విద్యారంగానికి ఆనాడే ఉంది. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరడం మనం గర్వించదగినదే. అయితే అక్షరానికి సంకేతసంఖ్య లభించడం వేరు, అర్థానికి లభించడం వేరు. రెండో పని మొదలుపెట్టవలసి ఉంది.

ఇక బోధన. 2019 ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలోని పునాది కోర్సు 'భాష, కంప్యూటర్ నైపుణ్యాల'కు కలిపి 40 గంటలు కేటాయించింది. ఈ శాఖకు ప్రాణమైన రెండింటినీ ఒకే గడిలో పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, చక్కని యాదృచ్ఛికం. ఆ రెండింటినీ 'నైపుణ్యాలు'గా కుదించడమే విచారకరం. 2008లో ఆరంభమైన ఆదిలాబాద్ రిమ్స్ వంటి బోధనాసుపత్రిలో ఇంతటి బహుభాషా వాతావరణం ఉండగా, 40 గంటల్లో సగంతో నేర్పగలిగేది పలకరింపు మాటలే. రోగి మాటను, దాని ఇంగ్లీషు రూపాంతరాన్ని పక్కపక్కన పెట్టి చర్చించే అభ్యాసం ఒకటి అందులో చేరితే ఆ గంటలకు సార్థకత. మన శాఖల అనువాద, నిఘంటు నిర్మాణ పత్రాల్లోనూ అదే అభ్యాసానికి చోటుంది.

ఇందులో ఒక ఇబ్బందిని దాచకూడదు. రోగి సొంత మాటలను యథాతథంగా నమోదుచేస్తే, పేరు తీసివేసినా ఊరి యాస, కథనం ఆ మనిషిని పట్టిస్తాయి, చిన్న గూడెంలో మరీను. కనుక పదసేకరణకు ఆసుపత్రి నమోదులు ఆధారం కారాదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలతో, ఏఎన్ఎంలతో విడిగా జరిపే సంభాషణలే అందుకు తగినవి. ఏ మాట విని ఏ గడి నింపుతున్నారో చెప్పగలిగినది వారే.