బెండు మునిగే దాకా

ఎర్రలు తవ్వడంతోనే వేట మొదలవుతుంది. పశువుల పాక వెనక, ఎరువు దిబ్బ అంచున, తడి ఆరని చోట గునపంతో రెండు పోట్లు వేస్తే చాలు. కొబ్బరి చిప్పలో గుప్పెడు మట్టి వేసి, ఎర్రల్ని అందులో దాచుకుని పంట కాలువ గట్టెక్కే పిల్లలు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తారు. వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న గాలం, సీసం ముక్క, బెండు. అంతే సరంజామా. నేనూ ఆ గట్టు మీద పెరిగినవాణ్నే కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పేసుకుంటాను. రీలు తిప్పడం నేర్చుకున్నాక కూడా నా చెయ్యి బెండు గాలం మీదికే పోతుంది.

నీటి మీద తేలేందుకు జీలుగు బెండు గానీ, నెమలి ఈక కాడ గానీ కడతారు. దాన్ని దారం మీద పైకీ కిందికీ జరపడంలోనే సగం విద్య ఉంది, ఎర ఎంత లోతున వేలాడాలో తేల్చేది అదే మరి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీళ్లలో మేస్తుంది. శీలావతిది నడిమి నీరు. ఎర్రమోసు నోరు కిందికి వంగి ఉంటుంది, అడుగు బురదలో వెతుక్కుంటుంది. చేపల రైతులు ఈ మూడింటినీ ఒకే చెరువులో పెంచేది అందుకే, ఒకదాని మేతకు మరొకటి అడ్డు రాదు. రైతుకు లాభం చూపే ఈ లెక్కే గాలం వేసేవాడికి లోతు చెబుతుంది. వీటికి ఎర్రల కన్నా పిండి ముద్ద మేలు. తవుడు దోరగా వేయించి, వేరుశెనగ చెక్క పొడి కలిపి ఉండలు కట్టి ముందుగా నీళ్లలో వేస్తే, ఆ వాసనకు చేపలు చుట్టుపక్కలకు చేరతాయి. గాలం ఆ తర్వాతే.

ఇక బెండు మాట్లాడే భాష. సన్నగా వణుకుతుంటే పరిగెలు ఎరను కొరుక్కు తింటున్నాయని అర్థం, ఓపిక పట్టాలి. ఉన్నట్టుండి పక్కకు లాక్కుపోతే జెల్ల అయి ఉండొచ్చు. అన్నిటికన్నా మోసం చేసేది, బెండు మునగకుండా పైకి లేచి పడుకోవడం. అడుగున మేసే చేప ఎరను నోట పెట్టుకుని తల ఎత్తితే, సీసం బరువు తేలిపోయి అలా అవుతుంది. కొత్తవాడు ఇంకా మునగలేదనుకుని చూస్తూ కూర్చుంటాడు. పాతవాడు అప్పటికే కర్ర ఎత్తి ఉంటాడు. జెల్ల పడితే మాత్రం సంబరంలో గుప్పిట పట్టకండి. వీపు మీదొకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, మూడు ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లయితే విషం కూడాను.

సరదాకి చేపలు పట్టడం దొరలు నేర్పిన అలవాటని కొందరి నమ్మకం. కానీ కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున 12వ శతాబ్దంలో వెలువడిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదానికి ప్రత్యేకంగా చోటుంది. చేపల్లో రకాలు, వాటికి పెట్టే మేత, గాలం వేసే తీరు అందులో రాజుగారి వినోదంగానే కనిపిస్తాయి. మన కాకతీయులు అప్పటికి ఆ వంశానికి సామంతులు.

రీలు, స్పూను అనే లోహపు ఎర గురించి పెద్దగా చెప్పను. దూరం విసరాలన్నా, పెద్ద రిజర్వాయరులో పరిగెత్తే చేపను అలసిపోనివ్వాలన్నా అవి కావాలి. వాలుగ లాంటి దొడ్డనోటి చేపకు రాత్రిపూట గట్టున కొయ్యకు గాలం కట్టి వదిలేసే పద్ధతీ ఉంది. పొద్దున్నే వచ్చి చూసుకోవడంలో నాకైతే వేట రుచి తెలియదు.

రుచంతా కొర్రమీనుతోనే. తెలంగాణ రాష్ట్ర చేప అది. మొప్పలున్నా దానికి చాలదు, కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగాలి. తామరాకుల మధ్య గుండ్రంగా అల లేచిన చోటును కంటితో గుర్తు పెట్టుకుని అక్కడికి గాలం పంపాలి. పాత పద్ధతిలో పొడవాటి కర్రకు పొట్టి దారం కట్టి, గాలానికి చిన్న కప్పను గుచ్చి, ఆకుల మీద టప్‌టప్‌మని ఆడించేవాళ్లు. ఇప్పుడు రబ్బరు కప్పలొచ్చాయి. గాలం ముళ్లు కప్ప ఒంటికి అతుక్కుని ఉంటాయి గనుక నాచులో చిక్కుకోవు, ప్రాణమున్న కప్పకు హింసా తప్పింది. ఈ ఒక్క విషయంలో కొత్తదానికే నా ఓటు. నీళ్లు భళ్లుమనగానే లాగకూడదు. ఒకటి, రెండు అనుకునేంత సేపు ఆగి, కప్పను లోపలికి తీసుకోనిచ్చి అప్పుడు కొట్టాలి. ఆ రెండు అంకెలు లెక్కపెట్టలేక నేను పోగొట్టుకున్న చేపలతో ఊరికి విందు పెట్టొచ్చు.

గట్టు మర్యాదలూ కొన్నున్నాయి. ఊరి చెరువు చాలాచోట్ల మత్స్యకారుల సంఘం చేతిలో ఉంటుంది, అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. తొలకరి నీటికి ఎదురెక్కే చేపల కడుపునిండా గుడ్లుంటాయి, వాటి జోలికి పోకూడదు. కొర్రమీను తన పిల్లలకు కాపలా కాసే రోజుల్లో అయితే పట్టడం మరీ తేలిక, పిల్లల దగ్గరికి ఏది కదిలినా మీద పడుతుంది. ఆ పిల్లలు నారింజ ఎరుపులో, గుంపంతా ఒకే మచ్చలా నీళ్ల పైన కదులుతుంటాయి. అది కంటపడితే కర్ర చుట్టేసి ఇంకో మలుపుకు నడిచేవాళ్లం. వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఎర్రటి మచ్చ మెల్లగా తూటాకు కిందికి జరుగుతూ ఉండేది.